వదిన కుట్టిన గీతలు

ఫోనెత్తగానే వదిన "బాగున్నావా" అని కూడా అడగలేదు.

"ఒసేయ్ పిచ్చుకా, ఈ మెషీను నా పరువు తీస్తోందే. నువ్వొకసారి రా," అంది.

పిచ్చుక అంటే ఇప్పుడు చూసినవాళ్ళకి నవ్వొస్తుంది. యాభై దాటి, ఒళ్ళొచ్చి, మోకాళ్ళు పట్టేసి, నాలుగు మెట్లెక్కాలంటే గోడని బతిమాలుకునే మనిషి. కానీ అన్న ఆ పేరు పెట్టిన రోజుల్లో ఆమె నిజంగా పిచ్చుకే. ఇంట్లో ఒకచోట కాలు నిలిచేది కాదు. వదిన కాపరానికొచ్చాక అసలు పేరు పూర్తిగా మరుగున పడిపోయింది. అన్న పోయిన తర్వాత ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో వదిన ఒక్కతే మిగిలింది. అందుకే ఆ పిలుపు వినగానే ఏమిటి, ఎందుకు అని ఆరా తీయకుండా, మొగుడికి సవాలక్ష జాగ్రత్తలు చెప్పి బస్సెక్కేసింది.

బస్సులో కూర్చున్నంతసేపూ ఆ ముందుగదే కళ్ళ ముందు కదిలింది. నలుగురి ఇళ్ళలో ముందుగదిలో కుర్చీలుంటాయి, టీవీ ఉంటుంది. వీళ్ళింట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే బల్ల, దాని మీద లాంగ్‌ఆర్మ్ మెషీను. బొంతలు కుట్టేది. మామూలు మెషీను మీద అయితే మనం గుడ్డని జరుపుతాం. ఇక్కడ గుడ్డ కదలదు. అడుగుగుడ్డ, మధ్యలో దూది, పైన అతుకుల గుడ్డ, మూడూ పొడుగాటి కర్రలకి చుట్టుకుని బల్ల మీద బిగిసి కూర్చుంటాయి. మెషీనే మెడ చాచుకుని పట్టాల మీద చక్రాలతో నడుస్తుంది. కుట్టే మనిషి దాని పిడులు రెండూ పట్టుకుని వెంట నడవాలి. ఆ గదిలో ఎవరైనా సరే పక్కవాటుగా తిరగాల్సిందే. చుట్టాలొస్తే తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేసేవాళ్ళు.

మూతపడిన ఒక పరుపుల కంపెనీ నుంచి అన్న దాన్ని కొనుక్కొచ్చాడు. లారీలోంచి దింపుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "ఇది లోపలికొస్తే మమ్మల్ని బయటుండమంటావా నాయనా?" అంది. దానికోసం ద్వారబంధం కూడా ఊడదీయాల్సొచ్చింది. అన్న దాన్ని తెచ్చాడే గానీ, దాన్ని లొంగదీసుకున్నది మాత్రం వదినే. పెళ్ళై ఏడాదన్నా తిరగలేదు. కొత్తకోడలు ఏదో మూల కూర్చుని పూలు గుచ్చుకుంటుందనుకుంటే, కొంగు నడుముకి దోపుకుని మెషీను కింద దూరి నూనె చుక్కలు వేస్తూ కూర్చుంది.

పిచ్చుకకి పని నేర్పింది కూడా ఆవిడే. పిచ్చుక మనసంతా పువ్వుల మీద, తీగల మీద. గీతలంటే విసుగు. "అబ్బ, ఎంతసేపూ ఈ గీతలేనా వదినా? పసిపిల్లల చేత పలక మీద గీయించినట్టు," అని సణిగేది.

"పువ్వు వంకరపోతే అది కూడా పువ్వే అనుకుంటారే. గీత వంకరపోతే మాత్రం నిన్నంటారు. నోరు మూసుకుని గీత కుట్టు," అనేది వదిన.

గీతలు తిన్నగా రావడానికి మెషీనుకి ఒక లాకు ఉంటుంది. అది బిగిస్తే మెషీను ఎడమకీ కుడికీ తప్ప ఎటూ కదలదు. వదినకి అదంటే ఒళ్ళు మంట. "మెషీను తిన్నగానే పోతుంది, బొంత తిన్నగా ఉండొద్దూ? అతుకులేసిన చెయ్యి ఎక్కడో ఒకచోట లాగేసే ఉంటుంది. అతుకు ఎటు పోతే గీత దాన్నే అంటిపెట్టుకుని పోవాలి. ఆ సంగతి లాకుకేం తెలుస్తుంది?" అనేది. అని ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడి కంటితో అతుకు పొడుగునా గురి చూసేది, గోలీలాడే పిల్లల్లాగా. చూపు ఆ చివరికి చేరాకే చెయ్యి కదిలేది. ఇక ఆ చివరి దాకా, మూసిన కన్ను తెరవకుండా, మెషీనూ, ఆవిడా ఒకే నడక. పిచ్చుక అవతలి వైపు వంగి అడుగున దారం ఉచ్చులు పడుతోందేమో చూస్తూ, "కింద బాగుంది వదినా," అని అరిచేది. బల్ల కింద బుట్టలో మేనకోడలు పడుకునేది. ఆ పిల్లకి మెషీను మోతే జోలపాట. మోత ఆగితే లేచి ఆరున్నొక్కరాగం అందుకునేది.

ఎంత బాగుండేవి ఆ రోజులు! చేతినిండా పని, నోటినిండా మాటలు. అత్తగారిని ఎలా బుట్టలో వేసుకోవాలో, మొగుడితో ఎలా పోట్లాడాలో, పోట్లాడాక ముందు ఎవరు మాట్లాడాలో, అన్నీ ఆ బల్లకి అటో మనిషి ఇటో మనిషి నిలబడి తేల్చుకున్నవే. నేర్చుకున్న పాఠాలన్నీ పిచ్చుక ఆ తర్వాత మొగుడి మీద ప్రయోగించింది. సగం పారాయి, సగం ఎదురుతన్నాయి. ఆ లెక్క కూడా మళ్ళీ వదినకే ఫోన్ చేసి చెప్పుకుంది.

ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. చిక్కిపోయింది. అయినా నోరు మాత్రం చిక్కలేదు. "ఏమే, బస్సులో రెండు సీట్లిచ్చారా నీకు?" అంటూ సంచీ అందుకుంది.

జరిగిన సంగతేమిటంటే, ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే బొంతలు కుట్టించుకునే టీచరమ్మ ఈమధ్య ఒకటి వెనక్కి తెచ్చింది. "ఈసారి గీతలు కొంచెం అటూ ఇటూ అయినట్టున్నాయండీ," అంది నసుగుతూ. వదిన ఒంటికాలి మీద లేచింది. తీరా పరిచి చూస్తే ఆవిడన్నది నిజమే. ఆ తర్వాత ఇంకో ఇద్దరు తెచ్చారు. మెకానిక్కుని పిలిపిస్తే అతను చక్రాలూడదీసి, తుడిచి, పట్టాల పొడుగునా దారం లాగి కొలిచి, "పట్టాల్లో ఏం దోషం లేదమ్మా," అన్నాడు. "అంటే దోషం నా చేతిలో ఉందనా?" అని వదిన గుడ్లురిమి చూసేసరికి, పాపం, ఇచ్చిన టీ అయినా తాగకుండా పెట్టె సర్దుకున్నాడు.

"కుట్టేటప్పుడు చూస్తే తిన్నగా ఉంటుందే. తీసి పరిస్తే వంకర. ఇది మోసం కాకపోతే ఏమిటి?" అంది వదిన. "ఊళ్ళో అనుకుంటున్నారట, నా చెయ్యి పోయిందని. నా చెయ్యి!"

అన్నం తిన్నాక బీరువా తెరిచి, అడుగు అరలోంచి ఒక మూట తీసి పిచ్చుక ఒళ్ళో పడేసింది. విప్పగానే పిచ్చుక గుర్తుపట్టింది. ఇద్దరూ కలిసి అతికిన గుడ్డ అది. ఎవరెవరివో బొంతలు కుట్టగా మిగిలిన పట్టీలన్నీ దాచిపెట్టి, పొడుగ్గా పక్కపక్కన చేర్చి అతికారు. ఈ నీలం డాక్టరుగారింటి పరదాలది. ఈ చుక్కలది పొరుగావిడ మనవరాలి గౌనులో మిగిలింది. ఈ పచ్చది అన్న చొక్కాకి తెచ్చి, రంగు నచ్చలేదని అలిగి, చివరికి ముక్కలు చేయించింది. "పని కాస్త తెరిపిచ్చాక మనకోసం కుట్టుకుందాం," అనుకున్నారు. పని తెరిపివ్వలేదు. పిచ్చుకకి పెళ్ళైంది. పట్టీలు బీరువాలోనే ఉండిపోయాయి.

"ఇది మన బొంత," అంది వదిన. "రేపు మొదలెడదాం. ఇది కూడా వంకరొచ్చిందనుకో, నేనిక మెషీను ముట్టుకోను. ఎవరికైనా ఇచ్చెయ్యమని అమ్మాయికి చెప్పేశాను కూడా."

వేళాకోళం కాదది. వదిన మాటంటే మాటే. ఆ గదిలోంచి మెషీను పోతే ఈ మనిషి ఏమైపోతుందో ఊహించడానికే పిచ్చుకకి ధైర్యం చాల్లేదు. అన్న పోయినప్పుడు కూడా వదినని నిలబెట్టింది ఆ పిడులే. పది రోజులు మంచం దిగని మనిషి, పదకొండో రోజు లేచి మెషీనుకి నూనె వేసింది.

పొద్దున్నే బొంతని కర్రలకెక్కించారు. వదిన ఎడమ కన్ను మూసింది, గురి చూసింది, కదిలింది. అదే నడక, అదే మోత. పిచ్చుకకి ఒక్క క్షణం వయసంతా వెనక్కి పోయినట్టనిపించింది. ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళి వదిన ఆగింది. వంగి, మళ్ళీ ఒంటికన్నుతో చూసుకుని, మొహం చాటంత చేసుకుంది.

"చూశావా! తిన్నగా వచ్చింది. నువ్వొచ్చావని భయం పుట్టినట్టుంది దీనికి."

పిచ్చుక చూసింది. గీత అతుకు పక్కనే బుద్ధిగా బయల్దేరి, మధ్యలోకి వచ్చేసరికి ఇంత పొట్ట వేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు అతుకు పక్కకి చేరింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. పొట్ట అలాగే ఉంది.

"బాగుంది వదినా," అంది.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. వదిన హుషారుగా కుట్టుకుంటూ పోతోంది, పాత కబుర్లు చెప్పుకుంటూ పోతోంది. పిచ్చుక అవతల నిలబడి ఊఁ కొడుతూ, లోపల కుమిలిపోయింది. చెయ్యి పోయింది. నిజంగానే పోయింది. వదిన చెయ్యే పోతే ఇంక ఎవరి చెయ్యి నిలుస్తుంది? చెప్పాలి. ఎలా చెప్పాలి? నాకు గీత నేర్పిన మనిషితో, నీ గీత వంకరని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? సాయంత్రం దాకా అదే ఆలోచన.

మర్నాడు వదిన దారం కోసం బజారుకి బయల్దేరింది. ఆవిడ బజారంటే ఒక్క కొట్టుతో తేలేది కాదు. దారి పొడుగునా అందరి యోగక్షేమాలూ కనుక్కుని గానీ ఇల్లు చేరదు. గేటు మూసిన చప్పుడు కాగానే పిచ్చుక కుట్లు విప్పే కత్తి తీసింది.

తప్పే. తెలుసు. కానీ మెషీను ఆ ఇంట్లోంచి పోకూడదు. అంతకుమించి ఆ పూట ఏమీ తోచలేదు.

ఒక్కో కుట్టూ తెంపింది. పోగులు దులిపింది. సూది పడిన చిల్లులు కనబడకుండా గుడ్డని గోటితో రుద్దింది. అతుకుకి ఆనించి పొడుగాటి గాజులాంటి స్కేలు పెట్టింది. వదిన కంటపడితే చంపేస్తుందనుకుంటూనే లాకు బిగించింది. పిడులు పట్టుకుంది. మొదటి నాలుగు కుట్లూ భయంభయంగా వేసింది. తర్వాత ఏమైందో గానీ మోకాళ్ళ నొప్పి మర్చిపోయింది, ఈ పని దొంగతనమన్నదీ మర్చిపోయింది. నడిచింది. గీత తన వెనకే తిన్నగా పరుచుకుంటూ వచ్చింది. ఎన్నేళ్ళైందో ఇలా నడిచి! ఎందుకు వదిలేశానే ఈ పని అని తనని తనే తిట్టుకుంది. "కింద బాగుందా?" అని అలవాటు కొద్దీ అడిగింది కూడా. జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు.

ఆఖరి రెండు గీతలు మిగిలుండగా గేటు చప్పుడైంది. కత్తి డబ్బాలోకి, పోగులు జేబురుమాల్లోకి వెళ్ళిపోయాయి. పిచ్చుక వంటింట్లో నిలబడి, ఖాళీ గిన్నెని గరిటెతో తిప్పసాగింది.

వదిన కాళ్ళు కడుక్కుని, కొత్త దారం ఉండ ఎక్కిద్దామని మెషీను దగ్గరికి వెళ్ళింది. అలవాటు ప్రకారం నిన్నటి గీతల మీదికి వంగి, ఎడమ కన్ను మూసింది.

"దీన్నెవరు ముట్టుకున్నారే?"

గిన్నెలో గరిటె ఆగిపోయింది.

"ఇటు రా. ఇవి నావి కావు. నిన్న నేను బాణంలా కుట్టాను. ఇదేమిటి, ఇంత వంకర! మధ్యలో గోతిలో పడ్డట్టు పడింది గీత. ఏం చేశావే దీన్ని? ఇంతేనా నేను నీకు నేర్పింది?"

పిచ్చుకకి ఒళ్ళు భగ్గుమంది. నడుం పడిపోయేలా వంగి, వేళ్ళు పొడుచుకుని, తిన్నగా కుడితే ఈ మాటా! "వంకర నాదా? నీ వంకరలు విప్పలేక నా వేళ్ళు పుండ్లు పడ్డాయి! ప్రతి గీతకీ పొట్టే వదినా, ప్రతి గీతకీ! నీకు చెప్పలేక చచ్చిపోతున్నాను నిన్నటి నుంచీ," అనేసింది.

అన్నాక నాలుక కొరుక్కుంది. ఏం లాభం? వదిన మొహంలో నెత్తుటి చుక్క లేదు. మెల్లిగా అంది. "స్కేలు పెట్టు. ఎవరిది వంకరో అదే చెబుతుంది."

పిచ్చుక ఏడుపు దిగమింగుకుంటూ స్కేలు తెచ్చి తను కుట్టిన గీత పక్కన పెట్టింది. గీత దాన్ని అంటుకుని చివరి దాకా వెళ్ళింది, వెంట్రుకవాసి తేడా లేకుండా. వదిన వంగింది. ఎడమ కన్ను మూసింది. చూసింది, చూసింది. స్కేలు మీద వేలు పెట్టి చివరి దాకా తడిమింది.

"ఇదేమిటే, స్కేలు కూడా ఇలా వంగిపోయింది? ఎండలో పడేశావా?"

పిచ్చుక కోపం ఎటుపోయిందో పోయింది. ఆ స్కేలు వేలెడు మందం. రోకలి పెట్టి బాదినా వంగదు.

"వదినా, ఆ చూసే కన్ను ముయ్యి. రెండో కంటితో చూడు."

వదిన ప్రయత్నించింది. కుదరలేదు. జీవితమంతా ఎడమ కన్నే మూసింది, కుడిది మూద్దామంటే రెండూ మూతపడుతున్నాయి. పిచ్చుక తన అరచేయి తీసి ఆవిడ కుడి కంటికి అడ్డం పెట్టింది.

వదిన ఎడమ కంటితో చూసింది. పిచ్చుక చెయ్యి తప్పించి చూసింది. మళ్ళీ తనే ఆ చెయ్యి పట్టుకుని కంటి మీద పెట్టుకుంది. కిటికీ ఊచల వైపు తిరిగి ఓసారి ఈ కంటితో, ఓసారి ఆ కంటితో చూసింది. తలుపు అంచు చూసింది. తర్వాత స్టూలు మీద కూలబడింది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాట," అంది.

అంత సంబరంగా అంది! చేతులు రెండూ ముందుకి చాపి, తిప్పి తిప్పి చూసుకుంది. "కన్ను ఎటు చూపిస్తే అటు పోయింది, పాపం. పరిచి రెండు కళ్ళతో చూస్తే గానీ వంకర తెలియలేదు. దాని తప్పేం లేదు కదే?"

"లేదు వదినా, లేదు," అంటూ పిచ్చుక ఆవిడ ఒళ్ళో తలపెట్టి బావురుమంది. ఓదార్చాల్సినదాన్ని వదినే ఓదార్చింది.

మర్నాడు పొద్దున్నే కంటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ గళ్ళ కాగితం ఒకటి చూపించి, దీపాలు వేసి, లోపలి ఫొటోలు తీసి, కంటి వెనకపొర ఉబ్బిందని చెప్పింది. కంట్లోకి ఇంజెక్షన్లు ఇవ్వాలి, ఇంకా ముదరకుండా ఆపడానికి. ఇప్పటికే వంగి కనిపిస్తున్నవి మళ్ళీ పూర్తిగా తిన్నగా కనిపిస్తాయని మాటివ్వలేను, ఎడమ కన్ను మాత్రం శుభ్రంగా ఉంది అంది. "ఇంకొన్నాళ్ళు ఊరుకునుంటే ఈ కన్ను దక్కేది కాదు. ఎలా కనిపెట్టారు?" అని అడిగింది.

"మా ఆడపడుచు నా కుట్లు విప్పిందండీ," అంది వదిన, అదేదో ఘనకార్యం లాగా. ఆ తర్వాత సూది మాట గుర్తొచ్చి బిక్కమొహం వేసింది. "నా జన్మంతా సూదితో గుడ్డల్ని పొడిచాను. ఇప్పుడు నన్నే పొడుస్తారా డాక్టరుగారూ?" అంది. నవ్వుతూనే అంది గానీ, లోపలికి వెళ్ళేటప్పుడు పిచ్చుక చెయ్యి వదల్లేదు. నర్సు విడిపించాల్సొచ్చింది.

కంటికి కట్టు తీశాక కూడా రెండు రోజులు వదిన ముందుగదిలో అడుగు పెట్టలేదు. మూడోనాడు తనే వచ్చి పిడులు పట్టుకుంది. కుడి కంటికి రుమాలు అడ్డం కట్టుకుని, ఎడమ కంటితో గురి చూడబోయి, "ఈ కన్ను ఒట్టి సోమరిపోతే, ఎప్పుడూ మూసుక్కూర్చుంది కదా. ఇప్పుడు దీనికి అఆల దగ్గర్నుంచీ నేర్పాలి," అంది. ఒక గీత కుట్టింది. మెల్లిగా, ఆగి ఆగి. పిచ్చుక అటు పక్కన నిలబడి, "కొంచెం నీ వైపుకి... ఆఁ, అంతే, అలా పో," అని దారి చెప్పింది. గీత గొప్పగా రాలేదు. కానీ పొట్ట లేదు.

వదిన రుమాలు విప్పి మొహం తుడుచుకుంది. "మెషీను ఎవరికీ ఇవ్వక్కర్లేదని అమ్మాయికి ఫోన్ చేసి చెప్పు. నేను చెబితే ఏడుస్తాను," అంది.

పిచ్చుక ఫోన్ చేసి వచ్చింది. ఆనందం పట్టలేక, మిగిలిపోయిన ఆ రెండు వంకర గీతల సంగతి కూడా తేల్చేద్దామని కత్తి తీసి వాటి మీదికి వంగింది. ఇన్ని తిన్నని గీతల మధ్య అవి పంటి కింద రాళ్ళలా ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే?"

"ఈ రెండూ విప్పేస్తే బొంత మొత్తం ఒక్క తీరుగా ఉంటుంది వదినా. రెండు నిమిషాల పని."

వదిన బల్ల చుట్టూ పక్కవాటుగా నడిచి వచ్చింది. పిచ్చుకని భుజంతో అవతలికి నెట్టి, వంగి, ఎడమ కన్ను మూసింది. జబ్బు కంటితో ఆ రెండు గీతల్నీ మొదట్నుంచి చివరి దాకా చూసింది.

"వీటి జోలికి పోకు," అంది.

"అదేమిటి వదినా, వంకరగా..."

"నీకు." గీత పక్కన గుడ్డని అరచేత్తో నిమిరింది. "ఈ కంటికి ఇంక తిన్నగా కనిపించేవి ఈ రెండే."

పిచ్చుక కత్తి డబ్బాలో వేసేసింది. ఇద్దరూ చెరో చివరా పట్టుకుని కర్రని ఒక చుట్టు తిప్పారు.